వెక్టర్ ఫైళ్ల మార్పిడి: ఒక విమర్శనాత్మక పరిశీలన

5.1 ప్రవేశిక

కంప్యూటర్‌లో గీసిన బొమ్మను ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు మార్చడం నిపుణుల పని అనీ, అందులో విమర్శకు చోటు లేదనీ చాలామంది అనుకుంటారు. విమర్శ అంటే కవిత్వానికో నవలకో సంబంధించినదని మనకు అలవాటైన భావన. అయితే దేన్నైనా ఒక రూపం నుంచి మరో రూపానికి తీసుకువెళ్లినప్పుడు కొంత నిలుస్తుంది, కొంత పోతుంది. ఏది నిలిచింది, ఏది పోయింది, పోయినదాన్ని ఎవరు పట్టించుకోలేదు అని అడగడం విమర్శకుడి పనే. అనువాదాన్ని ఎలా అంచనా వేస్తామో ఫైలు మార్పిడిని కూడా అలాగే అంచనా వేయవచ్చు.

మన అచ్చు రంగం ఈ మార్పిడిని కంటితో కొలుస్తోంది. పాత ప్రోగ్రాంలో బొమ్మ ఎలా కనిపించిందో కొత్త ప్రోగ్రాంలోనూ అలాగే కనిపిస్తే పని అయిపోయినట్టే లెక్క. ఈ కొలమానం చాలదని నా వాదన. మారిన ఫైలు చేతికి వచ్చిన తరవాతి మనిషి దాన్ని దిద్దగలడా, వెతకగలడా, చదవగలడా అనేది అసలు ప్రశ్న. తెలుగు విషయంలో ఈ ప్రశ్నకు ఎక్కువసార్లు ‘లేదు’ అనే జవాబు వస్తోంది. ఎందుకు వస్తోందో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇది చదివిన తరవాత ఫైలు మార్పిడిలో జరిగే నష్టాలను మీరు గుర్తించగలుగుతారు, ఒక మార్పిడి మంచిదో కాదో కారణాలతో చెప్పగలుగుతారు.

5.2 ఒక కరపత్రం ప్రయాణం

మైలవరంలో ఒక చిన్న డీటీపీ షాపు ఉందనుకుందాం. కొండపల్లి బొమ్మల అమ్మకం గురించి కరపత్రం కావాలని ఒకరు వచ్చారు. షాపులో ఉన్నది కోరల్‌డ్రా. శీర్షిక అను ఫాంటులో కొట్టారు. చుట్టూ లతల అంచు వేశారు, ఒక మూల అంబారీ ఏనుగును గీసి దాని కింద నీడ పెట్టారు. అడుగున చిరునామా. ఈ ఫైలు ప్లేటు తీయడానికి విజయవాడ వెళ్లాలి. అక్కడ పనిచేసే ఆయన ఇలస్ట్రేటర్ వాడతారు. ఏడాది తరవాత అదే ఏనుగు బొమ్మను ఒక విద్యార్థి తన ప్రాజెక్టులో వాడుకోవాలనుకున్నాడు. డబ్బు పెట్టి ప్రోగ్రాం కొనే స్తోమత లేదు కాబట్టి ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో తెరవాలనుకున్నాడు. బొమ్మ ఒకటే, ప్రోగ్రాములు మూడు.

ఈ మూడూ మూడు వేర్వేరు ఇళ్లలో పుట్టినవి. ఇలస్ట్రేటర్‌ను అడోబీ సంస్థ 1987లో మెకింటాష్ కోసం విడుదల చేసింది. కోరల్‌డ్రా 1989లో కెనడాలోని ఒటావా నుంచి విండోస్ కోసం వచ్చింది. ఇంక్‌స్కేప్ 2003లో, అంతకుముందే ఉన్న సోడిపోడి అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుంచి చీలి వచ్చింది. ఎవరి ఫైలు రూపం వారిది. కోరల్ తన సీడీఆర్ ఫైలు నిర్మాణాన్ని బయటపెట్టలేదు. ఇలస్ట్రేటర్ కోరల్ ఫైళ్లను తెరుస్తుందన్న మాట నిజమేగాని, అది తెరిచేది 5 నుంచి 10 వరకు ఉన్న పాత వెర్షన్ల ఫైళ్లనే. 10వ వెర్షన్ 2000 నాటిది. ఆ తరవాత వచ్చిన వెర్షన్లలో మన షాపులు చేసిన ఫైళ్లన్నీ ఆ తలుపు బయటే ఉండిపోతాయి.

కాబట్టి మైలవరం నుంచి విజయవాడ వెళ్లే ఫైలు మధ్యలో ఏదో ఒక రూపం మార్చుకోక తప్పదు.

5.3 ఫైలు లోపల ఉన్నదేమిటి?

వెక్టర్ బొమ్మలో చుక్కలు ఉండవు, గీతల వర్ణన ఉంటుంది. ఫలానా చోట మొదలై, ఫలానా వైపు వంగి, ఫలానా చోట ఆగాలి అని ఫైలులో రాసి ఉంటుంది. ఆ వంపును వర్ణించే గణితం ఫ్రాన్స్‌లో కార్ల కంపెనీల్లో రూపుదిద్దుకుంది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే దానిమీద పనిచేశారు. బెజియే పేరే ఆ వక్రానికి నిలిచింది. డీటీపీ పనివారు నోడ్లు, హ్యాండిళ్లు అని పిలిచేవి ఈ వక్రానికి సంబంధించినవే.

వక్రాల విషయంలో ఈ ప్రోగ్రాముల మధ్య తగాదా లేదు. అందరిదీ ఒకే గణితం కావడంతో లతల అంచు, ఏనుగు తొండం వంపు దాదాపు చెక్కుచెదరకుండా దాటుతాయి. మార్పిడి చాలా సులువని అనుకునేవారు సాధారణంగా ఈ గీతలను మాత్రమే చూసి అలా అంటారు.

గీతల మీద ప్రతి ప్రోగ్రాం తన సొంత తెలివి కొంత చేరుస్తుంది. అక్కడ మొదలవుతుంది ఇబ్బంది. కోరల్‌లో ఏనుగు కింద పెట్టిన నీడ, బొమ్మకు అంటిపెట్టుకుని ఉండే ఒక ఆదేశం. ఏనుగును జరిపితే నీడ జరుగుతుంది, ఏనుగు ఆకారం మారితే నీడా మారుతుంది. మరో ప్రోగ్రాంకు ఆ ఆదేశం తెలియదు. అందుకని మార్పిడిలో నీడ ఒక చుక్కల బొమ్మగా గడ్డకట్టి వస్తుంది. రెండు ఆకులను ఒకదాన్నుంచి మరోదానికి 20 మెట్లలో మార్చే బ్లెండ్ వేశారనుకోండి, అవతలి వైపు 20 విడివిడి ఆకులు చేరతాయి. కంటికి తేడా ఉండదు. ఒక ఆకు రంగు మార్చమని అడిగిన రోజు తేడా తెలుస్తుంది.

ఇలస్ట్రేటర్ ఫైలుది మరో కథ. 9వ వెర్షన్ నుంచి ఏఐ ఫైలులో రెండు భాగాలు ఉంటున్నాయి. అందరూ చదవగల పీడీఎఫ్ భాగం ఒకటి, ఇలస్ట్రేటర్‌కు మాత్రమే అర్థమయ్యే సొంత భాగం మరొకటి. ఇంక్‌స్కేప్ ఏఐ ఫైలును తెరిచిందంటే తెరిచింది ఆ పీడీఎఫ్ భాగాన్ని. దిద్దడానికి వీలైన సంగతులన్నీ రెండో భాగంలో ఉండిపోతాయి. భద్రపరిచేటప్పుడు పీడీఎఫ్ భాగం వద్దని టిక్కు తీసేస్తే ఇతర ప్రోగ్రాములకు ఏనుగు బదులు, ‘ఇందులో పీడీఎఫ్ సమాచారం లేదు’ అనే అర్థంలో ఒక సందేశం ఉన్న పేజీ కనిపిస్తుంది. ఇంటి ముందు వసారాలోకి అందరినీ రానిచ్చి, వంటగదికి తాళం వేయడం లాంటిది ఈ ఏర్పాటు. వసారానైనా తెరిచి ఉంచారని కొందరు మెచ్చుకుంటారు. నేను అంత ఉదారంగా ఉండలేను.

5.4 తెలుగు అక్షరం దగ్గరి చిక్కు

ఇంతవరకు చెప్పిన నష్టాలు ప్రపంచంలో అందరికీ ఉన్నవే. తెలుగువారికి ప్రత్యేకమైన నష్టం అక్షరం దగ్గర ఉంది. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

అను వంటి పాత తరహా ఫాంట్లు తెలుగును తెలుగుగా దాచవు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చుతాయి. ఒక స్థానంలో తలకట్టు, మరో స్థానంలో ఒక ఒత్తు, ఇంకో స్థానంలో గుడితో కూడిన అక్షరం. ఫాంటు ఉన్నంతవరకు తెర మీద చక్కని తెలుగు. ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస. ఫైలులో నిజంగా ఉన్నది ఆ వరసే.

దీన్ని తప్పుపట్టేముందు కాలాన్ని గుర్తుంచుకోవాలి. యూనికోడ్ తొలి వెర్షన్ 1991లోనే తెలుగుకు స్థానం ఇచ్చినా, సామాన్యుడి కంప్యూటర్‌కు ఆ సామర్థ్యం చాలాకాలం తరవాత చేరింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. బొమ్మలు గీసే ప్రోగ్రాములు మరింత వెనకబడ్డాయి. ఒత్తులు, గుణింతాలు సరిగా కలిపి చూపే శక్తి కోరల్‌డ్రాకు 2012లో వచ్చిన ఎక్స్6 వెర్షన్‌తోగాని రాలేదు. 1990లలో శుభలేఖ అచ్చువేయాల్సిన మనిషి ఇరవై ఏళ్లు ఆగలేడు కదా. ఆ ఫాంట్లు తయారుచేసినవారు అప్పటి అవసరాన్ని తెలివిగా తీర్చారు. తెలుగు పుస్తకాలు, పత్రికలు సీసపు అక్షరాల నుంచి కంప్యూటర్‌కు మారడానికి ఇలాంటి ఫాంట్లే దారి వేశాయి.

యూనికోడ్‌లో పరిస్థితి వేరు. ‘ఇబ్రహీంపట్నం’ అనే మాట తీసుకోండి. చదివేటప్పుడు ఇ, బ్ర, హీం, ప, ట్నం అని ఐదు అక్షరాలు. ఫైలులో మాత్రం ఇ, బ, పొల్లు, ర, హ, దీర్ఘపు గుడి, సున్న, ప, ట, పొల్లు, న, సున్న అని 12 సంకేతాలు వరసగా ఉంటాయి. వీటిని చూసి ర-కారపు ఒత్తును, న-కారపు ఒత్తును తగిన చోట అమర్చే బాధ్యత ప్రోగ్రాంది, ఫాంటుది. ఆ అమరిక తెలియని ప్రోగ్రాం పొల్లు గుర్తును విడిగా చూపించి మాటను విరిచేస్తుంది. అంటే ఫైలులో అక్షరం భద్రంగా ఉండి, తెర మీద రూపం చెడుతుంది. పాత ఫాంట్లలో దీనికి తలకిందులు: తెర మీద రూపం భద్రం, ఫైలులో అక్షరం లేదు.

‘మైలవరం’ అనే మాటలో ఒత్తు లేదు కాబట్టి ఏ ప్రోగ్రాంలోనైనా సరిగా వస్తుందని మీకు అనిపించవచ్చు. ‘మై’ని ఒకసారి గమనించండి. ఐత్వంలో పైన ఒక ముక్క, కింద ఒక ముక్క ఉన్నాయి. యూనికోడ్‌లో ఐత్వానికి ఒక సంకేతం ఉంది. దాన్నే పై ముక్కకు ఒకటి, కింది ముక్కకు ఒకటిగా రెండు సంకేతాలతో రాసినా సమానమేనని ఆ ప్రమాణం చెబుతుంది. ఒక ప్రోగ్రాం మొదటి పద్ధతిలో, మరొకటి రెండో పద్ధతిలో దాస్తే, ఈ సమానత్వాన్ని లెక్కలోకి తీసుకోని వెతుకుడు యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఊరి పేరు కళ్ల ముందే ఉన్నా దొరకదు.

ఆగి ఆలోచించండి: మీ ఊరి పేరులో ఎన్ని సంకేతాలు ఉంటాయో పైన చూపిన పద్ధతిలో లెక్కవేయండి. ఒత్తు ఉన్న ఊరిపేరైతే పొల్లును మరచిపోకండి.

5.5 ‘కర్వ్స్ చేసి పంపండి’

ఈ చిక్కులన్నింటికీ మన అచ్చు రంగం ఒకే మందు కనిపెట్టింది. ‘ఫైలు కర్వ్స్ చేసి పంపండి’ అంటారు. అంటే అక్షరాలన్నింటినీ వక్రాలుగా మార్చేయడం. అప్పుడు ఫాంటు అక్కర్లేదు, యూనికోడ్ అక్కర్లేదు, ఒత్తులు కలపడం తెలియాల్సిన పనిలేదు. వక్రాలు అన్ని ప్రోగ్రాముల్లోనూ ఒకటే అని పైన చెప్పుకున్నాం. కాబట్టి శీర్షిక చెదరకుండా విజయవాడ చేరుతుంది.

దీనికి అనుకూలంగా చెప్పవలసింది చెప్పాలి. ప్లేటు తీసే చోట ఫాంటు లేక ‘కొండపల్లి’ అనే మాట గజిబిజి గుర్తులుగా అచ్చయితే ఆ వెయ్యి కాగితాలూ వృథా. ఆ నష్టం షాపువాడి జేబు మీదే పడుతుంది. కర్వ్స్ చేసిన ఫైలులో ఆ భయం లేదు. అచ్చుకు పంపే ప్రతి వరకు ఇది సమంజసమైన పద్ధతే.

రూపపరంగా కూడా కొన్ని మెలకువలు కావాలి. తెలుగు ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము వంటివి అసలు అక్షరం మీదికి కొంత ఎక్కి ఉంటాయి. మూసిన వక్రం లోపల రంగు నింపడానికి రెండు నియమాలు వాడుకలో ఉన్నాయి. వక్రం చుట్టిన దిశను లెక్కించేది ఒకటి, దాటిన గీతలు సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చూసేది మరొకటి. ముక్కలన్నీ కలిపి ఒకే వస్తువుగా చేసినప్పుడు, సరి-బేసి నియమం పాటించే ప్రోగ్రాంలో ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట తెల్లని చిల్లి పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు విడివిడిగా ఉంటాయి కనుక వారికి ఈ బాధ తక్కువ. మన ‘క’కు తలకట్టు తగిలే చోట తెల్ల మచ్చ కనిపిస్తే తప్పు ఫాంటుదని అనుకోకండి, ముందు నింపుడు నియమాన్ని చూడండి. చిన్న సైజు అక్షరాల కోసం ఫాంటులో ఉండే సర్దుబాటు సూచనలు కూడా కర్వ్స్ చేయడంతో పోతాయి. అందుకే అడుగున ఉన్న చిరునామా తెర మీద, మామూలు ప్రింటరు మీద కాస్త మొద్దుగా కనిపిస్తుంది.

ఇవి చిన్న దోషాలు, దిద్దుకోవచ్చు. పెద్ద దోషం ఏమంటే, కర్వ్స్ చేసిన తరవాత ఆ ఫైలులో భాష ఉండదు. ‘కొండపల్లి’ అని కనిపించేది ఇప్పుడు లతల అంచుతో, ఏనుగు తొండంతో సమానమైన ఒక గీతల గుంపు. అందులో అక్షరదోషం ఉంటే దిద్దలేం. ఫోను నంబరు మారితే కొత్తగా కొట్టుకోవాలి. అక్క పెళ్లి శుభలేఖ నమూనాలోనే తమ్ముడి పెళ్లికీ వేయమంటే మొదటినుంచీ టైపు చేయాలి. కొండపల్లి బొమ్మలో తల, మొండెం, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగు వేస్తారు. రంగు ఆరిన తరవాత చేతిని విడదీసి మళ్లీ చెక్కమంటే ఎవరూ ఒప్పుకోరు. బొమ్మకు అది న్యాయం, దాన్ని మళ్లీ చెక్కాలని ఎవరూ అనుకోరు కూడా. పాఠానికి ఆ న్యాయం వర్తించదు. పాఠం దిద్దుబాటు కోసం ఎప్పుడూ తెరిచి ఉండాలి.

కరపత్రం ఒక నెల బతుకుతుంది, పోతే పోయిందనుకోవచ్చు. కాని మన షాపులు చేసే పని కరపత్రాలతో ఆగదు. గ్రామ చరిత్రలు, గుడి స్థలపురాణాలు, రైతులకు వేసిన సలహా పుస్తకాలు, బడి వార్షికోత్సవ సంచికలు కూడా ఆ కంప్యూటర్లలోనే తయారయ్యాయి. వాటిలో చాలావాటికి మరో ప్రతి ఉండదు. ఏ హార్డ్ డిస్కులోనో కర్వ్స్ చేసిన ఫైలు మిగులుతుంది, లేదా పాత ఫాంటులో కొట్టిన ఫైలు మిగులుతుంది. మొదటిది అచ్చువేసుకోవడానికి పనికొస్తుంది, వెతకడానికి పనికిరాదు. రెండోది ఫాంటు వెర్షన్ తెలిస్తే మార్పిడి పట్టికల సాయంతో యూనికోడ్‌లోకి తెచ్చుకోవచ్చు. వెర్షన్ తెలియకపోతే పట్టిక తప్పుతుంది, ఒత్తులు అటూఇటూ అవుతాయి.

దూరవిద్య చదివే మీకు మరింత దగ్గరగా తాకే సంగతి ఒకటి ఉంది. మీ సహాధ్యాయుల్లో చూపు లేనివారు ఉంటారు. వారు పాఠాన్ని తెర చదివే సాఫ్ట్‌వేర్ సాయంతో వింటారు. యూనికోడ్ తెలుగును చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉంది. పాఠం కర్వ్స్ చేసిన పీడీఎఫ్‌గా వస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కు పేజీ ఖాళీ. పాత ఫాంటులో ఉన్న పీడీఎఫ్‌గా వస్తే ఇంగ్లీషు గుర్తుల వరసను చదువుతుంది. రెండు సందర్భాల్లోనూ చూపున్నవారికి పేజీ అందంగానే కనిపిస్తుంది, అందుకే తప్పు జరిగిందని ఎవరికీ తోచదు. కంటితో కొలిచే కొలమానాన్ని నేను తప్పుపట్టడానికి ముఖ్యమైన కారణం ఇదే. చూడగలిగినవారి సంతృప్తినే అది నాణ్యతగా లెక్కవేస్తుంది.

5.6 రంగు, కొలత

అక్షరం తరవాత చెప్పుకోవలసినవి ఇవి రెండు. అచ్చు పనిలో నల్లని అక్షరాన్ని ఒక్క నల్ల సిరాతోనే వేస్తారు. వెబ్ కోసం పుట్టిన ఎస్‌విజి రూపం ఆచరణలో తెర రంగులనే, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలాల మిశ్రమాన్నే నమ్ముకుంటుంది. నల్ల అక్షరం ఎస్‌విజిలోకి వెళ్లి తిరిగి అచ్చు రంగుల్లోకి వచ్చేసరికి నాలుగు సిరాల కలయికగా మారుతుంది. తెర మీద అదీ నలుపే, ఇదీ నలుపే. యంత్రం మీద నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి తప్పినా చిన్న ఒత్తుల అంచులకు రంగు నీడలు పడి, ఒత్తు పూడుకుపోతుంది.

కొలత సంగతికి డెల్టా ఆ చివరన ఉన్న పెడన వెళ్దాం. మచిలీపట్నం కలంకారీగా పేరుపొందిన అద్దకంలో బయటి గీతలకు ఒక చెక్క అచ్చు, లోపలి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితేనే పువ్వు పువ్వుగా కనిపిస్తుంది. అలాంటి ఒక పువ్వును ఇలస్ట్రేటర్‌లో 12 సెంటీమీటర్ల వెడల్పుతో గీసి, ఎస్‌విజిగా ఇంక్‌స్కేప్‌కు తెచ్చి, అసలు సైజులో కాగితం మీద తీసి అచ్చు చెక్కేవారికి ఇవ్వాలనుకుందాం. ఇలస్ట్రేటర్ అంగుళానికి 72 ప్రమాణాలు లెక్కిస్తుంది. ఇంక్‌స్కేప్ 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి 96 లెక్కిస్తోంది, అంతకుముందు 90 లెక్కించేది. ఫైలులో కొలతను సెంటీమీటర్లలో చెప్పకుండా ఉత్త అంకెగా రాస్తే పువ్వు 9 సెంటీమీటర్లే వస్తుంది. పాత వెర్షన్‌లో తెరిస్తే 9.6. గీతల అచ్చు ఒక దారిలో, రంగు అచ్చు మరో దారిలో వచ్చి ఉంటే ఆ రెండూ ఎప్పటికీ కలవవు. తెర మీద పువ్వు ఆకారం మాత్రం నిర్దోషం. స్కేలు పెట్టి కొలిచేదాకా తప్పు బయటపడదు.

5.7 ఉన్న దారులు, వాటి విలువ

ప్రోగ్రాముల మధ్య వాడుకలో ఉన్న దారుల్లో పాతది ఇపీఎస్. అచ్చు వరకు నమ్మదగినదే, కాని పారదర్శకత వంటి తరవాతి సౌకర్యాలు దానికి తెలియవు. ఇప్పుడు దాన్ని ఎంచుకోవడానికి పెద్దగా కారణం లేదు.

పీడీఎఫ్ 1993లో వచ్చింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. కనిపించే రూపాన్ని కాపాడటంలో దానికి సాటి లేదు. అయితే పీడీఎఫ్ పేజీ చివరి రూపం కోసం పుట్టింది, మళ్లీ దిద్దుకోవడం కోసం పుట్టలేదు. పేరా విరిగి వరుసలవుతుంది, వరుసలు ముక్కలవుతాయి. యూనికోడ్ తెలుగుతో చేసిన పీడీఎఫ్ నుంచి కూడా ఒక పేరా నకలు తీసి మరోచోట అతికించి చూడండి, ఒత్తులు స్థానం తప్పడం మీకు తరచుగా కనిపిస్తుంది. ఏ ఆకారం ఏ అక్షరాలకు సంబంధించినదో చెప్పే పట్టిక పీడీఎఫ్‌లో ఉంటుంది. సంయుక్తాక్షరాల దగ్గర తయారుచేసే ప్రోగ్రాములు దాన్ని శ్రద్ధగా పూరించవు.

ఎస్‌విజి 2001లో వెబ్ ప్రమాణాల సంస్థ అయిన డబ్ల్యు3సీ ఆమోదంతో వచ్చింది. ఇది నాకు అన్నింటికన్నా నచ్చిన రూపం. కారణం సాదాసీదాది: ఎస్‌విజి ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల ఉన్నది మనిషి చదవగలిగేలా ఉంటుంది. యూనికోడ్‌లో కొట్టిన శీర్షిక అక్షరాలుగానే కనిపిస్తుంది. ఏ కంపెనీ మూతపడినా ఆ ఫైలు అనాథ కాదు. అచ్చు రంగుల విషయంలోను, కొలతల విషయంలోను దాని బలహీనతలు పైన చెప్పాను. ప్లేటుకు పంపడానికి దాన్ని వాడమని అనను. భద్రపరచుకోవడానికి మాత్రం అదే మేలు.

కోరల్ ఫైలు తప్ప చేతిలో మరేదీ లేనివారికి ఇంకో ఆసరా ఉంది. సీడీఆర్ ఫైలు నిర్మాణాన్ని బయటినుంచి పరిశీలించి, బైటు వెంట బైటు విప్పి అర్థం చేసుకున్న స్వచ్ఛంద ప్రోగ్రామర్లు లిబ్‌సీడీఆర్ అనే సాధనాన్ని తయారుచేశారు. 2012లో లిబ్రె ఆఫీస్ 3.6 దాని సాయంతో కోరల్ ఫైళ్లను తెరవడం మొదలుపెట్టింది, తరవాత ఇంక్‌స్కేప్ కూడా దాన్ని తీసుకుంది. ఎవరూ చేతికి ఇవ్వని తాళంచెవిని ఓపికగా చెక్కుకున్న పని ఇది. నాకు దీనిమీద గౌరవం ఉంది. గీతలు, రంగులు చాలావరకు వస్తాయి. సొంత ఎఫెక్టులు పోతాయి. పాత ఫాంటు అక్షరాలు గుర్తుల వరసగా వస్తాయి, ఎందుకంటే ఫైలులో ఉన్నవి అవే. లేని తెలుగును ఏ సాధనమూ బయటకు తీయలేదు.

ఫైలు రూపం యజమాని దయమీద ఆధారపడితే ఏమవుతుందో ఫ్రీహ్యాండ్ చరిత్ర చెబుతుంది. ఇలస్ట్రేటర్‌కు గట్టి పోటీగా ఉన్న ఆ ప్రోగ్రాం మాక్రోమీడియా చేతిలో ఉండేది. 2005లో అడోబీ మాక్రోమీడియాను కొన్నది, 2007లో ఫ్రీహ్యాండ్‌ను ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించింది. దానిలో ఏళ్ల తరబడి పనిచేసినవారు తమ బొమ్మలతో సహా వీధిన పడ్డారు. 2011లో అమెరికాలో కోర్టుకు కూడా వెళ్లారు. ప్రోగ్రాం మాత్రం తిరిగి రాలేదు. మన పేజ్‌మేకర్ 7 కూడా 2001 తరవాత కొత్త వెర్షన్‌కు నోచుకోలేదు. అయినా తెలుగు షాపులు దాన్ని ఏళ్లపాటు లాక్కొచ్చాయి. అందులో అలవాటు ఎంత ఉందో, వదిలేస్తే పాత ఫైళ్లన్నీ పోతాయన్న భయం అంత ఉంది.

ఖర్చులేని మార్గం ఒకటి మన చేతిలోనే ఉంది. ప్రతి పనికీ మూడు ఫైళ్లు ఒకే సంచికలో ఉంచాలి: అక్షరాలు అక్షరాలుగానే ఉన్న అసలు ఫైలు, ప్లేటుకు పంపిన కర్వ్స్ ప్రతి, పాఠం మొత్తం యూనికోడ్‌లో ఉన్న ఉత్త టెక్స్ట్ ఫైలు. మూడోదానికి పట్టే చోటు ఏనుగు బొమ్మ నీడకు పట్టేదానిలో వందో వంతు కూడా ఉండదు. ఫాంట్ల కొరత అనే సాకు కూడా ఇప్పుడు నిలవదు. మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ దొరుకుతున్నాయి. శీర్షికలకు పనికొచ్చే వైవిధ్యం పాత ఫాంట్లలోనే ఎక్కువని డీటీపీ పనివారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కొత్త ఫాంట్లు చేసేవారు దాన్ని వినాలి. కాని శీర్షికలో నాలుగు మాటల సోకు కోసం పుస్తకం మొత్తాన్ని పాత సంకేతాల్లో ఉంచడం ఎక్కువ ధర.

5.8 అభ్యాసం

కంప్యూటర్ అందుబాటులో ఉంటే ఇంక్‌స్కేప్‌లో ‘ఇబ్రహీంపట్నం’ అని యూనికోడ్‌లో కొట్టి, పక్కన సరిగ్గా 12 సెంటీమీటర్ల వెడల్పున్న చతురస్రం గీయండి. ఫైలును ఎస్‌విజిగా ఒకసారి, పీడీఎఫ్‌గా ఒకసారి భద్రపరచండి. తరవాత అక్షరాలను వక్రాలుగా మార్చి మూడో ప్రతి తీయండి. మూడింటినీ మరో ప్రోగ్రాంలో, వీలైతే మరో కంప్యూటర్‌లో తెరవండి. చూపుకు తేడా ఉందో లేదో ముందు రాయండి. ఆ తరవాత చతురస్రాన్ని కొలవండి, ఊరి పేరును వెతకండి, ‘పట్నం’ తీసేసి ‘పురం’ అని దిద్దడానికి ప్రయత్నించండి. ఏ ప్రతిలో ఏ పని సాధ్యమైందో, ఏది కాలేదో, దానికి కారణమేమిటో ఒక పేజీకి మించకుండా రాయండి. కంప్యూటర్ లేనివారు మీ ఇంట్లో ఉన్న ఏదైనా శుభలేఖనో కరపత్రాన్నో తీసుకుని, అందులో కర్వ్స్‌గా మారితే నష్టం కలిగించే భాగాలేవో, కలిగించనివేవో కారణాలతో గుర్తించండి.